మూడు యాభైరెండు బస్సు

మూడు దాటి రెండు నిమిషాలైంది. అంటే ఇంకా యాభై నిమిషాలు. యాభై నిమిషాలంటే ఎంతో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు, పదిహేడేళ్లుగా ఆమె ఉద్యోగమే అది కాబట్టి. కొండల్లో, దీవుల్లో, ఇసుక మేటల అవతల, ఫోను స్తంభం ఎప్పటికీ చేరని చోట్ల ఉన్నవాళ్లకు ఉపగ్రహమే దిక్కు, అది నెత్తి మీదుగా పోతున్నంతసేపే వాళ్లకు నోరు. చుట్టూ మైదానమైతే ఫరవాలేదు, ఒకటి దాటిపోతే ఇంకొకటి వస్తుంది. లోయలో, ఎత్తైన కొండల మధ్య ఉన్నవాళ్లకు మాత్రం తలెత్తితే కనిపించేది చారెడు ఆకాశం, అందులోంచి అది కనిపించేది ఆరు నిమిషాలు. దాన్ని ఈ గదిలో బస్సు అంటారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గాని ఇప్పుడు చందాదారులందరూ అదే మాట, "అక్కా, తర్వాతి బస్సు ఎన్నింటికి?" అని అడుగుతారు, ఆమె తెర చూసి ఐదు పదికి అనో, ఆరున్నరకు అనో చెబుతుంది, వాళ్లు బస్టాండులో కూర్చున్నట్టే సంచి సర్దుకుని కూర్చుంటారు. ఇవాళ ఆమే కూర్చుంది. మూడు యాభైరెండు బస్సు మీద తమ్ముడి కబురు రావాలి. ఉన్నాడో లేడో ఆ ఆరు నిమిషాల్లో తెలుస్తుంది.

ఏడుపు రావడం లేదు. రావాలి కదా, అనుకుంది, పక్కింటివాళ్ల సంగతి అనుకున్నట్టు. పంటి డాక్టరు మత్తుసూది వేశాక పెదవి ఎలా ఉంటుందో, ఉంటుంది కాని మనది కాదు, నిన్న సాయంత్రం నుంచి ఒళ్లంతా అలాగే ఉంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. పొద్దున లేచింది, పళ్లు తోముకుంది, అమ్మకు మాత్రలు తీసి పెట్టింది, జడ వేసుకుంది, జడ వేసుకుంటూ రబ్బరు బ్యాండు వదులైపోయింది, కొత్తది కొనాలి అని కూడా అనుకుంది. మనిషి అలా ఎలా అనుకోగలుగుతుందో. ఆఫీసరు రెండుసార్లు వచ్చి ఇంటికి వెళ్లమన్నాడు, ఫోను పక్క సీటు అమ్మాయి తీసుకుంటుందన్నాడు. వద్దంది. పక్క సీటు అమ్మాయి తెచ్చిపెట్టిన టీ మీద మీగడ కట్టింది. హెడ్‌ఫోను స్పాంజి ఊడిపోతోంది, దాన్ని గోటితో గిల్లుతూ కూర్చుంది, నల్లటి పొట్టు ఒళ్లో రాలుతోంది. ఎదుటి గోడ మీద పటం, పటం మీద పిన్నులు. ఎర్రవి పడవలు, నీలం రంగువి బడులు, ఆసుపత్రులు, పసుపువి మనిషి ఒక్కడే ఉండే చోట్లు. తమ్ముడిది పసుపు పిన్ను. పై మూల, కొండల గీతలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి నల్లబడిపోయిన చోట ఉంది. రోజూ చూసే పిన్నే. ఇవాళ కొంచెం వంగినట్టుంది, లేచి సరిచేద్దామనుకుంది, లేవలేదు.

తమ్ముడు పుట్టడమే పన్నెండు రోజులు ఆలస్యంగా పుట్టాడు. డాక్టరమ్మ చెప్పిన తేదీకి అమ్మ సంచి సర్దుకుని కూర్చుంటే వాడు రాలేదు, సంచి విప్పి గిన్నెలు కడుక్కుంటుంటే వచ్చాడు. ఆ తర్వాత కూడా అంతే. బడికి రెండో గంటకు, పెళ్లిళ్లకు భోజనాల వేళకు, పరీక్షకు ఒకసారి ఏకంగా మర్నాడు. వీధి ఆ చివర ఉండగానే "వచ్చేశానక్కా" అని కేక వేసేవాడు, వచ్చేసరికి చీకటి పడేది. వాడికి చివరికి దొరికిన ఉద్యోగం వాన కొలవడం. అదీ ఒక ఉద్యోగమేనా అని బంధువులు ముక్కున వేలేసుకున్నారు. పెద్ద కొండల మధ్య చిన్న కొండ మీద ఒంటి గది, బయట వాన పడే డబ్బా, డబ్బాలోని నీళ్లు గీతల గ్లాసులో పోసి ఎంత పడిందో చూడాలి, చలెంత గాలెంత చూసి పుస్తకంలో రాయాలి, రాసింది పెట్టెలో నొక్కి పంపాలి. పెట్టె అంటే ఉపగ్రహం పెట్టె, ఈ ఆఫీసు ఇచ్చిందే, ఆమె చేతుల మీదుగా వెళ్లిందే. కప్పు మీది పెద్ద ఏంటెనాతో అది ఏ వేళైనా పంపగలదు, చేతి ఫోనుకే బస్సు కావాలి, ఆపదలో నొక్కడానికి పెట్టె మీద ఒక ఎర్ర మీట కూడా ఉంది. మూడు నెలలు పైన, ఒక నెల కింద. నీలాంటి బద్ధకస్తుడికి టైము ప్రకారం చేసే పని ఎలా ఇచ్చారురా అంటే, "వాన ఎక్కడికి పోతుందక్కా, డబ్బాలోనే ఉంటుంది కదా" అన్నాడు. అనడమే కాదు, అలాగే చేశాడు. పొద్దున ఎనిమిదింటి లెక్క ఎనిమిదీ ఇరవైకి వచ్చేది, తొమ్మిదింబావుకు వచ్చేది, ఒక్కోసారి పదకొండుకి వచ్చేది. వచ్చేది మాత్రం వచ్చేది.

మూడూ పదకొండు. అమ్మ ఇప్పుడు వరండాలో కుర్చీ వేసుకుని ఫోను ఒళ్లో పెట్టుకుని ఉంటుంది. నాలుగు కాకముందే కూర్చోవడం అలవాటు. రెండేళ్ల కింద ఒక సాయంత్రం వాడు అమ్మకు మెసేజ్ పెట్టడం మర్చిపోతే అమ్మ చేసిన హంగామా ఇంతా అంతా కాదు, అన్నం ముట్టలేదు, వీధంతా చెప్పుకుంది, పొద్దునే చెప్పులు వేసుకుని కొండకు బయల్దేరతానంది. వాడు సెలవు మీద కిందికి వచ్చినప్పుడు పెట్టెను కూడా చంకన పెట్టుకొచ్చాడు, బాగుచేయించడానికి. ఇదే బల్ల. ఇదే కుర్చీ. వాడు ఆ కిటికీ గట్టు మీద కూర్చుని కాళ్లు ఊపుతున్నాడు.

"రోజుకొక్క మీట నొక్కడానికి నీకేం మాయరోగంరా?"

"నొక్కాననే అనుకుంటానక్కా. పడుకున్నాక గుర్తొస్తుంది. నువ్వే ఏదో ఒకటి చెయ్యి, నీ చేతిలో పనే కదా."

ఆమె చేతిలో పనే. కొత్తగా చేరిన వాళ్లకు మొదటిరోజు ఆమె నేర్పే మొదటి మాట ఒకటుంది, చందాదారు కాళ్లావేళ్లా పడినా సరే, క్షేమం కబురు దానంతట అది వెళ్లేలా పెట్టొద్దు, బాగున్నాననే మాట మనిషి వేలితోనే వెళ్లాలి. గోడ మీద కాగితం కూడా అంటించి ఉంది, ఆమె దస్తూరీయే. ఆ కాగితం కిందే కూర్చుని పదకొండు నిమిషాల్లో పెట్టింది. రోజూ సాయంత్రం నాలుగింటికి, ఎండ పలక నుంచి కరెంటు అందుతున్నంత కాలం, పెట్టె తనంతట తానే అమ్మ ఫోనుకు పంపుతుంది. ఏమని పంపాలిరా అంటే వాడు కాళ్లు ఊపుతూనే చెప్పాడు. బాగున్నాను. తిన్నాను. దిగులు పడకు. "ఇంక నేను మర్చిపోయినా బాగానే ఉంటాను" అని నవ్వాడు, ఆమె కూడా నవ్వింది. పెట్టె ఎక్కడ పెడుతున్నావని అడిగితే మంచం పక్కన నేల మీద అన్నాడు. ఎలకలు తీగలు కొరుకుతాయి, పైన అరలో పెట్టు, తల ఎత్తులో, అంది. ఆ మాట కూడా తనే అంది.

తర్వాత మర్చిపోయింది. ఇది చెబితే ఎవరు నమ్ముతారు, ఆమెకే నమ్మశక్యంగా లేదు. అయినా నిజంగానే మర్చిపోయింది. మొదటి వారం గుర్తుంది, మొదటి నెల కొంచెం గుర్తుంది, అమ్మ అన్నం వడ్డిస్తూ "బాగున్నాడట, తిన్నాడట" అంటుంటే లోపల చిన్న సిగ్గు కదిలేది. ఆ సిగ్గు మెల్లగా అరిగిపోయింది. అమ్మ రోజూ అదే మాట అంటుంది, రోజూ ఒకే గొంతుతో, ఒకే సంతోషంతో, వినగా వినగా అది తమ్ముడి మాటే అయిపోయింది. ఈమె కూడా చెంచా పక్కన పెట్టి "ఇవాళేం తిన్నాడట?" అని అడిగిన రోజులున్నాయి. "ఏం తిన్నాడో రాయలేదే, వాడికంత ఓపికెక్కడిది" అని అమ్మ మురిసిపోయేది. తను పెట్టిన గడియారం గంట కొడితే ఎవరో తలుపు కొట్టారని లేచి వెళ్లిన మనిషి తను. పదిహేడేళ్ల అనుభవం. పెద్ద కుర్చీ. పెద్దక్క అని పేరు.

మూడూ పద్దెనిమిది. శనివారం గురించి ఆలోచించకూడదనుకుంది. అనుకోగానే శనివారం వచ్చి కూర్చుంది. వాతావరణం ఆఫీసు గుమాస్తా ఫోను చేశాడు, పెద్దమనిషి, గొంతులో ఎప్పుడూ జలుబు. "మీవాడి లెక్కలు మూడు రోజులుగా రావట్లేదండీ. అక్కడికి మనిషిని పంపమంటారా?" అన్నాడు. ఆమె అప్పుడు పెన్ను మూత నోట్లో పెట్టుకుని ఉంది, అది తీసి మరీ నవ్వింది. "ఎందుకండీ పాపం అంత దూరం. నిన్న సాయంత్రం కూడా అమ్మకి మెసేజ్ పెట్టాడు, బాగానే ఉన్నాడు. బద్ధకం, అంతే. రెండు రోజులు చూడండి, అన్నీ కలిపి ఒకేసారి పంపుతాడు." ఆయన కూడా నవ్వాడు. "మీరే చెబుతున్నారు కదా, ఇంకేం" అన్నాడు. మీరే చెబుతున్నారు కదా. ఆయన తప్పేం ఉంది, ఉపగ్రహం ఆఫీసులో పెద్ద కుర్చీలో ఉన్న మనిషి, పైగా సొంత అక్క, బాగున్నాడని చెబితే ఎవరు మాత్రం నమ్మరు. పంపమంటారా అని అడిగాడు. వద్దంది. ఆ ఫోను పెట్టేశాక ఏం చేసిందో కూడా గుర్తుంది, పక్క సీటు అమ్మాయి కొత్త చెప్పులు చూసి బాగున్నాయంది. శనివారం వాడికి నాలుగో రోజు. ఏం నాలుగో రోజో ఇంకా తెలియదు.

దీవి లైను మోగింది. మూడూ ఇరవై అయిందన్నమాట. పక్క సీటు అమ్మాయి నేను తీస్తానన్నట్టు చెయ్యి చాపింది, ఈమె చెయ్యే ముందు వెళ్లింది. రోజూ ఈ వేళకు ఓడల దీపస్తంభం ముసలాయన లైను బాగుందో లేదో చూసుకుంటాడు, అదొక సాకు, ఆయనకు కావాల్సింది మనిషి గొంతు.

"వినిపిస్తున్నానా అమ్మాయ్?"

"వినిపిస్తున్నారండీ."

"ఇక్కడంతా బాగే. గాలి లేదు. దీపం బాగు, నేను బాగు." మాట పైకి పోయి కిందికి దిగడానికి పట్టే కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఎప్పటిలాగే తోక వచ్చింది. "మోకాలొక్కటే. మెట్లెక్కుతుంటే కలుక్కుమంటోంది. రాత్రి నిద్ర లేదు. అంతే, ఇంకేం లేదు. నీ గొంతేమిటి, అదోలా ఉంది?"

"ఏం లేదండీ. బాగానే ఉన్నాను."

పెట్టేశాక ఆ తోక చెవిలో మిగిలింది. నోటితో చెప్పేవాడు ఎవడూ ఉత్తినే బాగున్నానని ఊరుకోడు. బాగున్నాను, మోకాలొక్కటే. బాగున్నాను, మందులు అయిపోవచ్చాయి. బాగున్నాం, పెద్దావిడే కాస్త. ఇన్నేళ్లలో ఎన్ని వేల బాగున్నాలు విందో, ప్రతిదానికీ వెనకాల ఏదో ఒకటి ఈడ్చుకుంటూ వచ్చింది. తమ్ముడి బాగుకు ఒక్కదానికే ఏ తోకా లేదు, రెండేళ్లూ నున్నగా, ఒకే కొలతలో, రోజుకొకటి. వీధి చివరి నుంచి కేక వేసేవాడు, చొక్కా బొత్తాలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకునేవాడు, వాడికి ఆ నునుపు ఎక్కణ్నుంచి వస్తుంది. వినడమే జీతంగా బతికే మనిషికి ఆ మాత్రం వినిపించలేదు.

నిన్న అమ్మ ఫోను చేసేదాకా వినిపించలేదు. నాలుగూ పదికి చేసింది. "ఇవాళ రాలేదే." మబ్బు పట్టి ఉంటుందమ్మా అంది ఈమె, ఎవరికైనా చెప్పినట్టే. "రెండేళ్లలో ఎన్ని మబ్బులు పట్టలేదు, ఎప్పుడాగింది?" అంది అమ్మ. సరే చూస్తానుండు అని వాడి పెట్టె చిట్టా తెరిచింది. తెర మీద రెండు వరసలు. ఒక వరసలో అమ్మకు వెళ్లిన మెసేజ్‌లు, నాలుగు, నాలుగు, నాలుగు, నాలుగు, వేలితో తెరను కిందికి తోస్తున్నకొద్దీ నాలుగు, వాడు పైనున్న నెలల్లో ఎంత వెనక్కి పోయినా నాలుగు, ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు. వీడు జన్మలో దేనికైనా టైముకి వచ్చాడా, అనుకుంది మొదట, నవ్వొచ్చింది కూడా. ఆ నవ్వు సగంలో ఉండగానే కిటికీ గట్టు మీద ఊగుతున్న కాళ్లు కనిపించాయి. పక్క వరసలో వాడు వేలితో నొక్కిన వాన లెక్కలు, ఎనిమిదీ ఇరవై, తొమ్మిదింబావు, పదీ నలభై. కిందటి వారం బుధవారం పొద్దున తొమ్మిదీ ఐదు. ఆ కింద తెల్లగా ఉంది. ఎనిమిది రోజుల తెలుపు. ఏ రోజు తెరిచినా కనిపించేది, రెండు అడుగుల దూరంలో ఉన్న తెర, ఒక్క మీట. అప్పుడు మొదలైంది ఈ మొద్దుబారడం, కాళ్ల వేళ్ల నుంచి పైకి. ఫోనులో అమ్మ ఇంకా ఉంది, ఏమైంది, మాట్లాడవేం, నీ మాట కూడా పైకి పోయి రావాలా, అంటోంది.

దారి రాత్రి వేళ పనికిరాదట, తెల్లవారకముందే బయల్దేరారు. జీపు డ్రైవరు, నర్సు, మోయడానికి ఇద్దరు. జీపు పోయినంత దూరం జీపు, ఆ తర్వాత ఐదు గంటల నడక, మూడింటికల్లా గది చేరాలి. చేరి ఉంటారు. ఇప్పటికే తెలిసి ఉంటుంది, అక్కడ ఆ నలుగురికీ తెలుసు, డ్రైవరు చేతిలో ఫోను పట్టుకుని ఆకాశం కేసి చూస్తూ నిలబడి ఉంటాడు. తెలిసిన సంగతి కొండ మీద ఉంది, ఇంకా బస్సెక్కలేదు. మూడూ ముప్పైతొమ్మిది. మనసు గదిలోకి వెళ్లి చూడబోయింది, గడప దగ్గర ఆగిపోయింది. ఎప్పుడూ చూడని గది అది, వాడు చెప్పిన ముక్కలు తప్ప. తలుపు పక్కన నీళ్ల డ్రమ్ము. మంచం. అర. నేల మీద వాడు. ఆ తర్వాత ఏ బొమ్మా రావడం లేదు, వాడి మొహం కూడా రావడం లేదు, వచ్చేదల్లా పదేళ్లప్పటి వీపు. చేతికి గురి లేదు వాడికి, పాపం, అసలు లేదు. వీధిలో పిల్లలందరూ గోడ మీద డబ్బా పెట్టి బంతితో కొడుతుంటే వాడు విసిరింది డబ్బాకు తప్ప అన్నిటికీ తగిలేది, కిటికీలకు, కుండీలకు, నడిచిపోతున్న పంతులుగారి గొడుక్కి. ఒక సాయంత్రమంతా విసిరాడు. అందరూ ఇళ్లకు పోయారు, తను గట్టు మీద కూర్చుని ఇంక చాల్లే పదరా అంటోంది, వాడు ఈ ఒక్కటీ అక్కా, ఈ ఒక్కటీ, అంటూ బంతి తెచ్చుకోవడం, విసరడం. చివరికి తగిలిందా? గుర్తు లేదు. తగలకుండానే అన్నం వేళైందేమో.

ఈ పెట్టె నిన్న ఎందుకు ఆగిందో. ఆమెకు తెలిసినంతలో కారణాలు మూడు. ఎండ పలక మీద మంచో దుమ్మో పేరుకుపోవాలి, తుడిచే మనిషి లేకపోతే పేరుకుంటుంది. లేదా కప్పు కూలాలి. లేదా ఎలకలు. మూడింటిలో ఏదైనా, వాడు లేచి తిరిగేవాడైతే ఆగనిచ్చేవాడు కాదు. ఇలా లెక్క కట్టగలగడం చూసి తనకే భయం వేయాల్సింది, వేయలేదు. పక్క సీటు అమ్మాయి కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. మంచి పిల్ల. చెప్పులు నిజంగానే బాగున్నాయి. మూడూ నలభైఎనిమిది. ఆఫీసరు తలుపు దగ్గర నిలబడ్డాడు. టీ కప్పు అంచు మీద చిన్న పెచ్చు ఊడి ఉంది. మూడూ యాభైఒకటి. హెడ్‌ఫోను పెట్టుకుంది. చెవులు సముద్రంలా హోరెత్తాయి, అది ఆకాశం కాదు, తన రక్తమే.

యాభైరెండుకు ఏమీ లేదు. యాభైరెండుంబావుకు ఏమీ లేదు. యాభైమూడు కావస్తుండగా తెర మీద పసుపు గీత ఒకటి వణికి నిలబడింది.

"మేడం, వినిపిస్తోందా? నేను, డ్రైవర్ని."

"వినిపిస్తోంది. చెప్పండి."

మాట పైకి వెళ్లింది. దిగింది.

"ఉన్నాడు మేడం."

ఉన్నాడు. చెవి దాకా వచ్చింది, అక్కడే ఆగింది, లోపలికి దారి దొరకనట్టు. చేతులు మాత్రం వాటి పనిలో పడ్డాయి, కాగితం మీద మూడూ యాభైమూడు, ఉన్నాడు, అని రాశాయి. "స్పృహలో ఉన్నారా? దెబ్బలేమైనా తగిలాయా?" అంది నోరు, ఉన్నాడా అనకుండా, ఎవరో చందాదారు గురించి అడిగినట్టు. పక్క సీటు అమ్మాయి ఆమె భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. ఆ నొక్కడం తెలిసింది.

డ్రైవరు గబగబా చెబుతున్నాడు, బస్సు ఎంతసేపుంటుందో ఆయనకూ తెలుసు. పలక మీద మంచు తుడుద్దామని కప్పెక్కాడట, కిందటి బుధవారం, జారి పడ్డాడు, తుంటి విరిగింది. పాక్కుంటూ లోపలికి వచ్చాడు గాని లేవలేకపోయాడు. నీళ్ల డ్రమ్ము పక్కనే పడ్డాడు కాబట్టి సరిపోయింది, బిస్కెట్ల సంచి కాలితో లాక్కున్నాడు. జ్వరం కాలిపోతోంది, నర్సు సూది వేసింది, ఇప్పుడే కిందికి మోసుకొస్తారు. "ఒకటి మాత్రం అర్థం కాలేదు మేడం. అర కింద ఒకటే సామాను. చెంచాలు, డబ్బా మూతలు, పాత బ్యాటరీలు, బూట్లు రెండూ, సబ్బుపెట్టె. నలభై వస్తువులుంటాయి, అన్నీ గోడకు కొట్టినట్టున్నాయి. గోడంతా దెబ్బలే. మీ పెట్టె కూడా కిందే పడుంది, పగిలిపోయి. జ్వరంలో పిచ్చెత్తిందేమో పాపం."

"వాడికి గురి లేదు" అంది ఆమె. అప్పుడు నొప్పి మొదలైంది, మత్తు దిగుతున్న పెదవిలో మొదలయ్యేలాంటి నొప్పి, ఎక్కడో పక్కటెముకల కింద. ఎనిమిది రోజులు. ఈ ఒక్కటీ అక్కా, ఈ ఒక్కటీ.

"మాట్లాడతాడట, ఇస్తున్నా."

గరగర. ఊపిరి. ఆ ఊపిరిలో ఎవరి గొంతూ లేదు ముందు, తర్వాత ఉంది.

"అక్కా."

"చెప్పరా."

"నాలుగింటికి పెట్టె మీద ఆకుపచ్చ లైటు వెలిగేదక్కా. పడుకుని చూసేవాణ్ని. వెలగ్గానే అనుకునేవాణ్ని, అయిపోయింది, ఇవాళ కూడా బాగున్నాను, ఇవాళ కూడా ఎవరూ రారు." ఊపిరి. "దాన్ని పడేస్తే ఎర్ర మీట అందుతుందని. నిన్న తగిలింది. వాన గ్లాసు. ఆఫీసుదని దాన్ని ఆఖరికి ఉంచా. పగిలిందని వాళ్లకి చెప్పు."

"చెబుతాలే."

"పడి పెట్టె కూడా పగిలింది. మీట పలకలేదు. పోనీలే, ఆగింది కదా, ఇంక అక్క చూస్తుంది అనుకున్నా. చూశావు."

మూడూ యాభైఏడు. చూశావు అన్నాడు. వాడికి శనివారం తెలియదు. పెన్ను మూత, నవ్వు, ఎందుకండీ పాపం అంత దూరం, ఇవేవీ వాడికి తెలియవు. ఇప్పుడు చెప్పాలి, ఇదొక్కటీ ఇప్పుడే చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పదు, తన సంగతి తనకు తెలుసు. "ఒరేయ్, శనివారం ఆ గుమాస్తా నాకు ఫోను చేసి" అంది. వాడు వినలేదు, వాడి మాట అప్పటికే బయల్దేరింది, రెండు మాటలూ పైన ఎక్కడో ఒకదాన్ని ఒకటి దాటుకున్నాయి. "అక్కా, అమ్మకి బాగున్నానని చెప్పకు. ఇంక ఆ మాట చెప్పొద్దు. బాగాలేనని" అన్నాడు, ఆ తర్వాత ఒక్క అక్షరం వచ్చింది, ఆ తర్వాత హోరు. పసుపు గీత చదునుగా పడుకుంది. బస్సు వెళ్లిపోయింది. శనివారం ఆమె దగ్గరే మిగిలింది.

హెడ్‌ఫోను తీసింది. ఆఫీసరు ఏదో అంటున్నాడు, ఆసుపత్రికి చెప్పాననో ఏదో. పక్క సీటు అమ్మాయి ఏడుస్తోంది. ఈమె లేచి వెళ్లి పటం మీద పసుపు పిన్ను నిటారుగా సరిచేసింది. వచ్చి కూర్చునేసరికి సొంత ఫోను బల్ల మీద గిరగిరా తిరుగుతోంది. తెర మీద అమ్మ. పైన గంట నాలుగు, సున్నా సున్నా.

"ఇవాళ కూడా రాలేదే" అంది అమ్మ. ముసలి గొంతు, నిద్ర లేని గొంతు, అయినా ఎక్కడో గట్టిగా పట్టుకుని ఉన్న గొంతు. "వాళ్లు వెళ్లారా? ఏమన్నారు? దాచకు."

ఇక్కడ మాట పైకి పోయి రావక్కర్లేదు, మూడు వీధుల అవతలి ఇల్లు. అయినా ఆమె ఆగింది. నోటి నిండా ఆ పాత మాటే ఉంది, పదిహేడేళ్లుగా అందరి దగ్గరా విన్నది, అందరికీ అందించింది, నాలుక దానంతట అదే అటు తిరుగుతోంది. పళ్లతో దాన్ని ఆపింది.

"బాగాలేడమ్మా" అంది. "తుంటి విరిగింది. జ్వరం. ఇన్నాళ్లూ సరిగ్గా తినలేదు. అస్సలు బాగాలేడు."

అమ్మ ఊపిరి వినిపిస్తోంది. వెనకాల వీధిలో ఎవరిదో సైకిలు బెల్లు.

"బాగాలేనని ఎవరు చెప్పారు? వాడేనా?"

"వాడేనమ్మా. తన నోటితో చెప్పాడు."

"హమ్మయ్య" అంది అమ్మ.